పెద్దవాగు ఎక్కడుంది?

మస్కట్ నుంచి ఏ దారిన బయల్దేరినా కొంతసేపటికి ఒక బోర్డు కనిపిస్తుంది. పైన అరబ్బీలో ఒక వరుస, కింద ఇంగ్లిషులో ఒక వరుస: ‘వాదీ ఫలానా’. బోర్డు దాటగానే రోడ్డు పల్లంలోకి దిగి మళ్లీ పైకెక్కుతుంది. ఆ పల్లంలో రోడ్డుకు రెండువైపులా ఎరుపు, తెలుపు చారల గుంజలు పాతి ఉంటాయి. చుట్టూ చూస్తే గులకరాళ్లు, పెద్ద బండలు, అక్కడక్కడ తుమ్మచెట్లు. చుక్క నీరుండదు. నీరే లేనిచోట నీటి లోతు కొలిచే గుంజలు ఎందుకు పాతారో కొత్తగా వచ్చినవాళ్లకు ఒక పట్టాన అర్థం కాదు.

ఒమన్‌లో నాలుగు నెలలు ఉన్న తెలుగువాళ్లెవరికైనా ‘వాదీ’ అనే మాట నోట్లో నానిపోతుంది. శుక్రవారం వస్తే పులిహోర, పెరుగన్నం డబ్బాల్లో సర్దుకొని ఏదో ఒక వాదీకి బయల్దేరతాం. వాదీ షాబ్ అనీ, వాదీ బనీ ఖాలిద్ అనీ చుట్టాలు వచ్చినప్పుడల్లా తీసుకెళ్తాం. ఆ మాటకు అర్థమేమిటని పిల్లలు అడిగితే మాత్రం ‘లోయ’ అనేస్తాం. పిల్లల జాగ్రఫీ పుస్తకం ఇంకో అర్థం చెబుతుంది: ఎడారి ప్రాంతాల్లో ఎండిపోయిన నదీమార్గం. పరీక్షలో మార్కులకు అది చాలు. ఇక్కడ కాపురముండి పిల్లల్ని బయట తిప్పేవాళ్లకు చాలదు. అందుకే ఈ మాట పుట్టుపూర్వోత్తరాలు కాస్త వెతికాను. వెతుకుతూ పోతే అది స్పెయిన్ దాకా వెళ్లి, చివరికి మా ఖమ్మం వైపు తేలింది.

ముందు పలుకుబడి సంగతి. మస్కట్‌లో రువీ పక్కనే వాదీ కబీర్ అనే పేట ఉంది. మనవాళ్లు చాలామంది ‘వాడీ కబీర్’ అంటారు, ఇంగ్లిషు అక్షరాలు చూసి చదవడం వల్ల. అరబ్బీలో అది ‘ద’. హైదరాబాద్‌లో ఉర్దూ వింటూ పెరిగినవాళ్లకు ఈ మాట కొత్త కాదు. కశ్మీరు లోయను ఉర్దూలో ‘వాదీ’ అనే అంటారు. అరబ్బీ నుంచి పారశీకం మీదుగా వచ్చిన మాట అది. ముంబై రైలెక్కినవాళ్లకు కర్ణాటకలో తగిలే వాడి జంక్షన్ కూడా గుర్తుకు రావచ్చు. ఇంగ్లిషులో రెండింటినీ ఒకేలా రాస్తారు గానీ ఆ ‘వాడి’ వేరు. మరాఠీలో వాడి అంటే చిన్న పల్లె. మన ‘వాడ’కు అది చుట్టం. ఇలాగే తెలుగు ‘వాగు’, అరబ్బీ ‘వాదీ’ వినడానికి అక్కాచెల్లెళ్లలా ఉంటాయి. అయినా వాటి మధ్య చుట్టరికం లేదు. ఒకటి ద్రావిడ భాషామాట, ఒకటి సెమిటిక్ భాషామాట. శబ్దం కలవడం కేవలం కాకతాళీయం. ఈ రెండూ అర్థంలో ఎంత దగ్గరో మాత్రం ముందుకు పోయాక చెబుతాను.

అరబ్బీ నిఘంటువులు వాదీ అనే మాటను ‘పారడం’ అనే అర్థంతో ముడిపెడతాయి. కొండల మధ్య, గుట్టల మధ్య వరదనీరు పోయే దారి వాదీ. దీని బహువచనం ‘ఔదియా’. నీళ్లున్నా వాదీనే, లేకపోయినా వాదీనే. ఆ దారినీ, ఆ దారిలో పారే నీటినీ రెండింటినీ ఒకే మాటతో పిలుస్తారు. ‘వాదీ పారింది’ అనడం అరబ్బీలో మామూలు వాడుక. అల్జీరియా, మొరాకో పటాల్లో ఇదే మాట ఫ్రెంచివాళ్ల రాతలో పడి ‘వెద్’ అయింది. ఇంగ్లిషులోకి 19వ శతాబ్దపు యాత్రికుల రాతల ద్వారా వచ్చింది. ఆ యాత్రికులు ఒంటెల మీద పోతూ ఎక్కువగా చూసింది ఎండిన దారులనే. అలా ‘ఎండిన’ అనే విశేషణం ఈ మాటకు అతుక్కొని, అక్కడి నుంచి మన పాఠ్యపుస్తకాల్లోకి దిగింది.

ఎండటం ఈ మాటలో మొదటి నుంచీ లేదనడానికి మంచి సాక్ష్యం స్పెయిన్‌లో ఉంది. 711లో ఉత్తర ఆఫ్రికా నుంచి జలసంధి దాటి అరబ్బులు, బెర్బర్లు ఆ దేశంలో అడుగుపెట్టారు. కొన్ని వందల ఏళ్లు పాలించారు. అక్కడి నదులకు వాళ్లు పెట్టిన పేర్లు నేటికీ నిలిచాయి. కోర్దొబా, సెవిల్ నగరాల పక్కన పారే నది పేరు గ్వాదల్‌కివీర్. విడదీస్తే ‘అల్ వాదీ అల్ కబీర్’, అంటే పెద్ద వాదీ. ఏడాది పొడవునా పారే నది అది. అట్లాంటిక్ సముద్రం నుంచి సెవిల్ దాకా ఓడలు దాని మీదుగానే వస్తాయి. గ్వాదియానా అనే ఇంకో నదికి రోమన్ల కాలం నాటి పేరు ఆనాస్. దాని ముందు ‘వాదీ’ చేరింది. గ్వాదలహారా అంటే రాళ్ల వాదీ. అమెరికాలో ఉన్న మన అక్కచెల్లెళ్లకు మెక్సికోలోని గ్వాదలహారా పేరు తెలిసే ఉంటుంది. స్పెయిన్ ఊరి పేరునే అక్కడా పెట్టుకున్నారు. అలా ఒక అరబ్బీ వాదీ అట్లాంటిక్ కూడా దాటింది.

ఇప్పుడు మస్కట్‌లోని వాదీ కబీర్‌ని మళ్లీ చూడండి. అపార్టుమెంట్లు, దుకాణాలు, గ్యారేజీలతో కిటకిటలాడే ఆ పేటకూ, సెవిల్ పక్కన ఓడలు మోసే ఆ నదికీ ఒకటే పేరు. ఆ పేరును తెలుగులో చెప్పమంటే ‘పెద్దలోయ’ అనక్కర్లేదు. మన దగ్గర సరిగ్గా సరిపోయే పేరు ఎప్పటి నుంచో ఉంది: పెద్దవాగు. కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో ఒక పెద్దవాగు పారి ప్రాణహితలో కలుస్తుంది. భద్రాద్రి కొత్తగూడెం జిల్లా అశ్వారావుపేట మండలంలో ఇంకో పెద్దవాగు ఉంది. పెద్దది కనపడితే పెద్దవాగు అనడానికి ఎవరూ ఎవరినీ చూసి నేర్చుకోనక్కర్లేదు. నీటి పక్కన బతికేవాళ్లు ఎక్కడైనా అలాగే పిలుచుకుంటారు.

తెలుగు వాగు కూడా వాదీ లాంటిదే. ‘వాగులో ఇసుక తోడుతున్నారు’ అన్నప్పుడు నీళ్లు లేని వాగును అంటున్నాం. ‘వాగొచ్చింది, బస్సు రాదు’ అన్నప్పుడు అదే మాట వరద అవుతుంది. రాయలసీమలో ‘వంక’ అంటారు. అక్కడా వంక వస్తుంది, వంక పారుతుంది. దారికీ, పారే నీటికీ ఒకటే పేరు. నేనైతే పిల్లలకు వాదీ అంటే లోయ అని చెప్పడం మానేశాను. లోయ అనగానే వాళ్లకు అరకు, కశ్మీరు గుర్తొస్తాయి. కూర్చుని చూసే చోటనిపిస్తుంది. వాగు అంటే మాత్రం, వస్తుందేమో అని ఒక కన్ను వేసి ఉంచుతారు.

ఆ కన్ను ఎలా ఉంటుందో మా అత్తమ్మ దగ్గర చూశాను. ఆమెది మున్నేటి పక్క ఊరు. రెండేళ్ల కిందట ఫిబ్రవరిలో మా దగ్గరికి వచ్చినప్పుడు హజర్ కొండల కింద ఒక వాదీకి తీసుకెళ్లాం. గట్టు మీద చాప పరిచి కూర్చున్నాం. ఎండ హాయిగా ఉంది. ఆమె కాసేపు అటూ ఇటూ చూసి, “ఇక్కడ వాగు బాగానే వస్తదే అమ్మాయ్” అంది.

“ఎలా చెప్తున్నారత్తమ్మా? నీళ్లే లేవు కదా” అన్నాను.

“ఆ చెట్టు కొమ్మ చూడు. ఎండుకొమ్మలూ, చెత్తా ఎంత ఎత్తున చిక్కుకుందో. ఎవరు పెట్టారు అక్కడ? వాగే పెట్టింది.”

చూస్తే తుమ్మచెట్టు కొమ్మల్లో మా ఆయన తలకంటే ఎత్తున ఎండిన ఈతమట్టలు, ప్లాస్టిక్ సంచీ పీలికలు చుట్టుకొని ఉన్నాయి. తర్వాత ఆమె కిందనున్న గుండ్రాళ్లు చూపించింది. “రాయి ఊరికే నున్నగా అవుద్దా? దొర్లితేనే అవుద్ది. ఈ సైజు రాయిని దొర్లించిందంటే దాని జోరు ఎంతో చూస్కో.” ఇసుక ఉన్నచోట కాలితో కొంచెం తవ్వి, “అడుగున చెమ్మ ఉంది. మా ఊళ్లో అయితే ఇక్కడ చెలమ తీసేవాళ్లం” అంది. ఆమె ఏ జాగ్రఫీ పుస్తకమూ చదవలేదు. ఒమన్ రావడం అదే మొదటిసారి. అయినా ఆ చోటు ఎంత వరద చూసిందో, ఎంత ఎత్తు వరకు వచ్చిందో, నీరు ఎక్కడ దాక్కుందో పది నిమిషాల్లో చెప్పేసింది.

డిగ్రీలో సైన్సు చదివిన బుర్ర కదా, ఇంటికొచ్చాక నేను లెక్క కట్టాను. మస్కట్‌లో ఏడాదికి కురిసే వాన సగటున 100 మిల్లీమీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. ఖమ్మం వైపు దానికి సుమారు పదింతలు. ఇంత తక్కువ వానకు అంత వరదెలా? ఒక చదరపు కిలోమీటరు మీద ఒక్క సెంటీమీటరు వాన పడితే అది కోటి లీటర్ల నీరు. వంద చదరపు కిలోమీటర్ల కొండల మీద పడితే వంద కోట్ల లీటర్లు. మన ఊళ్లలో అయితే అందులో చాలా భాగం మట్టి పీల్చుకుంటుంది, గడ్డి, చెట్లు ఆపుతాయి, చెరువులు పట్టుకుంటాయి. హజర్ కొండలు చాలావరకు బోడి రాతికొండలు. జెబెల్ షమ్స్ అయితే దాదాపు 3,000 మీటర్ల ఎత్తుంటుంది. పైన పడ్డ నీటికి ఇంకే చోటు తక్కువ, కిందికి జారే వాలు ఎక్కువ. పైగా ఇక్కడి వాన సన్నగా నాలుగు రోజులు కురవదు. ఏడాది వాటా అంతా కొన్ని గంటల్లో కుమ్మరించి పోయిన సందర్భాలున్నాయి. చిన్న చిన్న పాయలన్నీ ఒక్కసారిగా వచ్చి ఒక ఇరుకు దారిలో కలుస్తాయి.

ఇందులో అన్నిటికంటే భయపడాల్సింది దూరం. వాన పడేది ఎక్కడో కొండల మీద. మనం ఉండేది ముప్ఫై, నలభై కిలోమీటర్ల కింద. మన నెత్తిన నీలాకాశం, ఎండ. మధ్యలో కొండలు అడ్డం కాబట్టి మబ్బు కూడా కనపడకపోవచ్చు. నీరు మాత్రం మన వైపే బయల్దేరి ఉంటుంది. అమెరికా వాతావరణ శాఖ చెప్పే లెక్క ప్రకారం, వేగంగా పారే నీరు ఆరంగుళాల లోతుంటే చాలు, పెద్ద మనిషిని పడగొట్టగలదు. అడుగు లోతుంటే చాలా కార్లను, రెండడుగులైతే పెద్ద బండ్లను కూడా లాక్కెళ్లగలదు. గుంజల మీది ఎరుపు తెలుపు చారలు ఆ లెక్క కోసమే.

2007 జూన్‌లో గోనూ తుపాను వచ్చింది. అప్పటివరకు అరేబియా సముద్రంలో నమోదైన తుపాన్లలో అదే అన్నిటికంటే తీవ్రమైనది. అప్పుడు మస్కట్‌లో ఉన్న మన తెలుగువాళ్లలో కొందరు ఇప్పటికీ తమ పిల్లల వయసును గోనూకు ముందు, గోనూకు తర్వాత అని లెక్కేసి చెబుతారు. 2021 అక్టోబరులో షాహీన్ తుపాను బాతినా తీరాన్ని ముంచింది. 2024 ఏప్రిల్‌లో తుపాను పేరైనా లేని వానకే సమద్ అల్ షాన్ దగ్గర బడి పిల్లలున్న వాహనం వాదీలో కొట్టుకుపోయింది. పలువురు పిల్లల ప్రాణాలు పోయాయి. ఆ తర్వాత పిల్లల్ని బడికి పంపాలంటే ఇక్కడ చాలామంది తల్లులకు భయమేసింది. పారుతున్న వాదీలోకి కావాలని బండి దించడం ఒమన్ చట్టం ప్రకారం శిక్షించదగిన నేరం. అమెరికాలో అరిజోనా రాష్ట్రంలోనూ ఇలాంటి వాగులే ఉన్నాయి. అడ్డుకట్టలు దాటి నీళ్లలోకి బండి దించి చిక్కుకుంటే, కాపాడిన ఖర్చు ఆ డ్రైవరు చేతే కట్టించే చట్టం అక్కడ ఉంది.

ఇంత చెప్పి వాదీని రాక్షసిని చేయడం నా ఉద్దేశం కాదు. ఒమన్‌కు ప్రాణం పోసిందీ వాదీలే. పాత ఊళ్లు చాలావరకు వాదీల పక్కనే, కాకపోతే కొంచెం ఎత్తు మీద ఉంటాయి. ఖర్జూర తోటలు కింద, ఇళ్లు పైన. ఎంత ఎత్తున కట్టాలో ఆ ఊరి పెద్దలకు తెలుసు. నీళ్లు తోటలకు చేర్చడానికి ‘ఫలజ్’ అనే కాలువలు తవ్వుకున్నారు. ఊటల నుంచి వచ్చేది ఐనీ ఫలజ్. నేల అడుగు నీటిని సొరంగంతో తెచ్చేది దావూదీ. వాదీలో పారే నీటిని మళ్లించేది ఘైలీ. వీటిలో ఐదింటిని 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు. మస్కట్ దగ్గర అల్ ఖౌద్‌లో 1985లో కట్టిన ఆనకట్ట ఉంది. తాగునీరు నిల్వ చేయడానికి కట్టింది కాదది. వరదను ఆపి, బురద అడుక్కి దిగాక, తేటనీటిని నెమ్మదిగా కిందికి వదులుతారు. ఆ నీరు గులకరాళ్లలో ఇంకి భూగర్భ జలాన్ని నింపుతుంది, తీరం నుంచి ఉప్పునీరు లోపలికి రాకుండా నెట్టి ఉంచుతుంది. మా అత్తమ్మ కాలితో తవ్వి చూపించిన చెమ్మ ఈ లెక్కలోదే.

కాబట్టి వాదీలకు వెళ్దాం. వాన సూచన లేని రోజు చూసుకొని వెళ్దాం. మనమున్న చోటికే కాకుండా పైనున్న కొండలకూ సూచన ఏముందో చూద్దాం. చాప గట్టు మీదే పరుద్దాం. రాత్రి గుడారం వాదీ అడుగున వేయొద్దు. నీరు ఉన్నట్టుండి మట్టిరంగుకు తిరిగినా, పైనుంచి పుల్లలు, ఆకులు కొట్టుకొచ్చినా, హోరు వినపడినా సామాను వదిలేసి పిల్లల్ని ఎత్తుకొని పైకి ఎక్కాలి. రోడ్డు మీద వాదీ పారుతుంటే ఇవతలే ఆగాలి. ముందున్న బండి దాటిందని మనమూ దాటొద్దు. చాలా వాదీలు వచ్చినంత త్వరగానే తగ్గుతాయి. కొన్ని గంటలు కారులో కూర్చుంటే పోయేదేమీ లేదు.

ఇక ఒమన్‌లో లేనివాళ్లకు కూడా ఇందులో ఒక మాట ఉంది. 2024 జులైలో అశ్వారావుపేట మండలంలోని ఆ పెద్దవాగు ప్రాజెక్టు కట్ట తెగి తెలంగాణలోనూ, దిగువన ఆంధ్రలోనూ ఊళ్లు మునిగాయి. ఆ సెప్టెంబరు మొదట్లో ఖమ్మంలో మున్నేరు, విజయవాడలో బుడమేరు ఏం చేశాయో మనందరం ఫోన్లలో చూశాం. విజయవాడలో బంధువులున్న చాలా ఇళ్లలో ఆ రోజుల్లో నిద్ర లేదు. బుడమేరు మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేరులో కలిసే ఏరు. మామూలు రోజుల్లో చూస్తే ఒక మురుగుకాలువలా ఉంటుంది. దాని దారి పొడవునా ఇళ్లు లేచాయి. నీళ్లు కనపడకపోతే వాగు లేదనుకున్నాం. అరబ్బీ మాటకు పాఠ్యపుస్తకం చేసిన అన్యాయాన్నే మన వాగులకు మనం చేసుకున్నాం.

విదేశాల్లో ఉన్న మనలో చాలామందిమి ఊళ్లో ఒక ప్లాటు కొనాలని దాచుకుంటాం. వాట్సాప్‌లో లేఅవుటు బొమ్మ వస్తుంది, గేటు, పార్కు, అరవై అడుగుల రోడ్డు కనిపిస్తాయి. అందులో వాగు కనిపించదు. గ్రామ నక్షాలో కనిపిస్తుంది. రెవెన్యూ రికార్డుల్లో ‘వాగు పోరంబోకు’, ‘వంక పోరంబోకు’ అని రాసి ఉంటుంది. వాగు ఎండి ఎన్నేళ్లయినా ఆ రాత అలాగే ఉంటుంది. అడ్వాన్సు పంపేముందు ఆ నక్షా తీయించండి. అంతకంటే ముందు, ఆ ఊళ్లో పుట్టి పెరిగిన పెద్దావిడ ఎవరైనా ఉంటే ఫోన్ చేసి ఒక్కటే అడగండి: “ఆ పక్కన ఏ వాగు వచ్చేదమ్మా, ఎక్కడిదాకా వచ్చేది?”